మొదలుపెట్టడం విడిగా ఒక పని

జాబితాలో "పీఎఫ్ ట్రాన్స్‌ఫర్" అని రాసి ఉంటుంది. బెంగళూరులో మారతహళ్లిలోనో, బెళ్లందూరులోనో, ఎలక్ట్రానిక్ సిటీలోనో కంపెనీ మారిన మన తెలుగువాళ్ల ఫోన్లలో ఈ రెండు మాటలు నెలల తరబడి అలాగే పడుంటాయి. పావుగంట పనే కదా అనిపిస్తుంది. అనిపించిన ప్రతిసారీ చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. చూసేవాళ్లు బద్ధకం అంటారు. ఆ మనిషి కూడా తనని తాను అదే మాట అనుకుంటాడు.

ఆ పావుగంట పనిని ఒకసారి విప్పి చూడండి. పీఎఫ్ పోర్టల్లోకి వెళ్లాలంటే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల గుర్తింపు నంబరు) పాస్‌వర్డ్ కావాలి, అది గుర్తులేదు. మార్చుకుందామంటే ఓటీపీ ఆధార్‌తో జతైన నంబరుకు వెళ్తుంది. ఆ నంబరేమో ఇంటర్ చదివేటప్పుడు నాన్నగారి పేరు మీద తీసుకున్న సిమ్ము, రీచార్జి లేక ఎప్పుడో ఆగిపోయింది. అది దాటినా, పాత కంపెనీవాళ్లు మీరు మానేసిన తేదీ ఎక్కించకపోతే బండి అక్కడ ఆగుతుంది. (మానేసి రెండు నెలలు దాటితే ఆ తేదీని ఉద్యోగే పోర్టల్లో ఎక్కించుకోవచ్చు, హెచ్‌ఆర్ వెంట పడక్కర్లేదు. కాకపోతే దానికీ ఆధార్ ఓటీపీయే కావాలి.) అంటే మొట్టమొదట చేయాల్సింది ఆధార్‌లో నంబరు మార్పించుకోవడం. ఆ మాట జాబితాలో ఎక్కడా లేదు. మనసుకు మాత్రం లీలగా తెలుసు, అందుకే ఆ రెండు మాటలు కనబడగానే ముఖం తిప్పుకుంటుంది.

తెలుగువాళ్లకు ఆరంభశూరులన్న పేరు ఎవరు పెట్టారో గానీ, ఆరంభమే కుదరక ఏడ్చేవాడికి ఆ నింద కూడా బిరుదులాగే వినబడుతుంది. ఈ రాతంతా ఆ మనిషి కోసమే. చెప్పదలచుకున్నది ఒక్కటే: మొదలుపెట్టడాన్ని పనిలో ఒక ముక్కగా కాకుండా విడిగా ఒక పనిగా లెక్కేయాలి. దానికంటూ వేరే సమయం, వేరే సామాను, చాలాసార్లు వేరే రోజు కేటాయించాలి.

మనసు ఎందుకు వెనక్కి తగ్గుతుందన్నది చాలావరకు తెలిసిన సంగతే. ఫ్యూషియా సిరోయిస్, టిమోతీ పిచిల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2013లో రాసిన పత్రంలో వాయిదాను టైము సరిగ్గా వాడుకోలేకపోవడంగా చూడలేదు. ఆ క్షణంలో మనసుకు కలిగిన ఇబ్బందిని తప్పించుకునే ప్రయత్నంగా చూశారు. పని గుర్తొస్తుంది, చిరాకో భయమో కలుగుతుంది, "రేపు చూద్దాంలే" అనుకోగానే హాయిగా అనిపిస్తుంది. చిక్కంతా ఆ హాయిలోనే ఉంది. అది వెంటనే దొరికే బహుమతి. పది సార్లు దొరికితే పదకొండోసారి మనసు అడక్కుండానే ఆ దారి పడుతుంది. అందుకే పాత వాయిదా పని కొత్త వాయిదా పని కంటే మొండిది.

పియర్స్ స్టీల్ అనే పరిశోధకుడు 2007లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ కలిపి లెక్కవేస్తే బలమైన కారణాలుగా తేలినవి ఇవి: పని మీద అయిష్టం, ఫలితం ఎక్కడో దూరంగా ఉండడం, చేయగలనన్న నమ్మకం చాలకపోవడం, ఏది తోస్తే అటు పరిగెత్తే స్వభావం. "నాకు అంతా పర్ఫెక్టుగా ఉండాలి, అందుకే లేటు" అని మనం గొప్పగా చెప్పుకునే కారణానికి ఆ లెక్కల్లో పెద్దగా ఆధారం దొరకలేదు. వినడానికి కష్టమే.

ఎక్కడ ఆగుతోంది

మందు వేయడానికి ముందు నొప్పి ఎక్కడో తెలియాలి. దానికి రెండు నిమిషాలు చాలు. కళ్లు మూసుకుని ఆ పని చేస్తున్నట్టు ఊహించుకోండి. చెయ్యి ముందు దేన్ని ముట్టుకుంటుంది? ఆ వస్తువు ఇప్పుడు ఎక్కడుంది? ఆ తర్వాత ఏమవుతుంది? రెండో మూడో అడుగు దగ్గర ఏదో ఒకటి జరుగుతుంది.

బొమ్మ మసకబారిందంటే మీకు తెలియని విషయం ఒకటుంది. ఏ ఫారం, ఏ కాగితం, ఎవరిని అడగాలి అన్నది తేలలేదు. బొమ్మ స్పష్టంగానే ఉండి కడుపులో బరువుగా అనిపించిందంటే అక్కడ సిగ్గో, భయమో, కోపమో ఉంది. బొమ్మా ఉంది, బరువూ లేదు, "అయినా ఇది చేసి ఏం లాభం" అన్న మాట వచ్చిందంటే మీరు ఇంకా నిర్ణయం తీసుకోలేదు. ఇవేవీ లేకుండా ఒళ్లే లేవనంటే అది నిద్ర సంగతో ఆరోగ్యం సంగతో. ఈ నాలుగింటికీ విరుగుళ్లు వేరు వేరు. మసకబారిన పనికి టైమర్ పెట్టుకుంటే పాతిక నిమిషాలూ మసకలోనే కూర్చుంటారు. బరువున్న పనిని ముక్కలు చేస్తే బరువున్న ముక్కలు వస్తాయి, అంతే. ఇంటర్నెట్‌లో దొరికే చిట్కాలు ఒకరికి పనిచేసి ఇంకొకరికి పనిచేయకపోవడానికి కారణం చాలావరకు ఇదే.

మొదటి కదలిక ఎలా రాయాలి

ఎక్కువమందికి ఎక్కువసార్లు పట్టేది మొదటి రకమే, కాబట్టి దాని గురించి వివరంగా.

మొదటి కదలిక రాసేటప్పుడు మూడు ఉండాలి: చేతితో చేసే క్రియ, ముట్టుకునే వస్తువు, చోటు. పది నిమిషాల లోపల అయిపోవాలి. "చూడాలి", "ఆలోచించాలి", "ప్రిపేర్ అవ్వాలి", "సెట్ చేయాలి" అనే మాటలొస్తే కొట్టేసి మళ్లీ రాయండి. వాటికి మొదలూ లేదు, చివరా లేదు.

"ఐటీ రిటర్న్" అని కాకుండా "డైనింగ్ టేబుల్ మీద ల్యాప్‌టాప్‌లో ఈ-ఫైలింగ్ పోర్టల్ తెరిచి ఏఐఎస్ పీడీఎఫ్ దించి, డెస్క్‌టాప్ మీద పెట్టు" అని రాసుకోవాలి. (ఏఐఎస్ అంటే ఏడాదిలో మీ ఆదాయం, కట్టిన పన్ను వివరాలుండే పట్టిక.) ఆ రోజుకు అంతే. ఇక్కడో గుంట ఉంది: దించిన పీడీఎఫ్ పాస్‌వర్డ్ అడుగుతుంది. పాన్ నంబరును చిన్న అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదలకుండా పుట్టిన తేదీని రోజు, నెల, నాలుగంకెల సంవత్సరం వరసలో కొట్టాలి. ఇది తెలియక ఇక్కడే ఫైలు మూసేసి టీకి వెళ్లిపోయేవాళ్లు బోలెడుమంది. రెండో రోజు కంపెనీ ఇచ్చే ఫారం 16ని ఏఐఎస్ పక్కన పెట్టి జీతం, కోసిన పన్ను రెండింట్లోనూ సరిపోయాయో లేదో సరిచూడ్డం. మూడో రోజు దాఖలు. దాఖలు చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై చేయకపోతే ఆలస్యంగా దాఖలు చేసినట్టు లెక్కకట్టవచ్చు, అసలే చేయకపోతే చేసిందంతా వృథా, కాబట్టి ఆ ఓటీపీ పనిని అదే కూర్చోవడంలో ముగించాలి. ఉద్యోగులకు మామూలుగా గడువు జులై 31. దాటితే ఆలస్య రుసుము 5,000 రూపాయల దాకా, ఆదాయం అయిదు లక్షల లోపు ఉంటే 1,000. ఈ అంకెలు తెలిసినా జూన్‌లో ఎవరూ కదలరు, ఫలితం దూరంగా ఉంది కాబట్టి. ఏఐఎస్ దించుకోవడం మాత్రం జూన్‌లోనైనా చేయగలిగేంత చిన్న పని.

రెజ్యూమే అయితే: పాత ఫైలు తెరిచి, పేరు చివర ఈ సంవత్సరం చేర్చి సేవ్ చేసి, చివరి కంపెనీ కింద మూడు చెత్త వాక్యాలు రాయండి. చెత్తవే రాయాలి. మంచి వాక్యం రాయాలనుకుంటే అది మొదటి కదలిక కాదు, ఆరో కదలిక. గేట్ పరీక్షకో బ్యాంకు పరీక్షకో చదివేవాళ్లకు మొదటి లెక్క నిన్న చేసేసినదే కావాలి. తెలిసిన లెక్క కాబట్టి చెయ్యి దానంతటది కదులుతుంది. రెండోది కొత్తది పెట్టుకోవచ్చు.

ఇందులో జరిగే తప్పులు ముఖ్యంగా రెండు. మొదటిది, కదలిక పనిని తాకకపోవడం. "ల్యాప్‌టాప్ తెరువు" అన్నది మొదటి కదలికగా పనికిరాదు. ల్యాప్‌టాప్ తెరిచాక రిటర్న్‌కి వెళ్లే దారి ఎంత దగ్గరో యూట్యూబ్‌కి వెళ్లే దారీ అంతే దగ్గర. కదలిక పూర్తయ్యేసరికి ఆ పని తాలూకు కాగితమో, ఫైలో, పాత్రో చేతిలో ఉండాలి. రెండోది, ఒకేసారి అన్ని అడుగులూ రాసేయడం. ఇరవై రెండు అడుగుల పట్టిక తయారుచేసుకుంటే అది చూసి ఇంకా భయం వేస్తుంది. పైగా ఆ పట్టిక రాయడమే పనిచేసినట్టు తృప్తినిస్తుంది, సాయంత్రం అయిపోతుంది. ఒక కదలిక, దాని తర్వాతది ఒకటి. అంతవరకే రాయండి.

జాబితా ఎంత పొడవున్నా మొదటి కదలిక రాసి ఉంచాల్సినవి మూడు పనులకే. మిగతావి ఊరికే పేర్లుగా ఉండనివ్వండి.

ముందు రోజే నానబెట్టడం

మినప్పప్పు నానబోశాక రుబ్బడానికి ఎవరికీ ప్రేరణ అక్కర్లేదు. నాలుగైదు గంటలు నానిన పప్పును చూస్తూ "రేపు రుబ్బుదాంలే" అనే ఇల్లు ఉండదు. నానబెట్టడానికి పట్టేది మూడు నిమిషాలు, అదీ రుబ్బే ఓపిక లేని సమయంలో. పనులకూ ఈ ఏర్పాటు కావాలి. చేయాల్సినప్పటి ఓపికతో సిద్ధం చేసుకోకూడదు, అంతకు ముందు రోజు మిగిలిన కాస్త ఓపికతో సిద్ధం చేసుకోవాలి.

రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు చాలు. రేపటి కదలికకు కావాల్సినవన్నీ ఒకచోట పెట్టాలి: పాన్ కార్డు, చార్జర్, పెన్ను, తెరిచిన పుస్తకం, చేయాల్సిన లెక్క చుట్టూ పెన్సిల్‌తో సున్నా. లాగిన్లు రాత్రే పరీక్షించాలి. పాస్‌వర్డ్ మర్చిపోయిన సంగతి రాత్రి తెలిస్తే చిన్న చికాకు, పొద్దున్న తెలిస్తే ఆ రోజుకు పని ఆగినట్టే. ఫోను కాగితాల దగ్గర కాకుండా ఇంకో గదిలో పెట్టాలి. ఓటీపీ కోసం ఫోను కావాల్సిన పనైతే నోటిఫికేషన్లు ఆపి బోర్లా పెట్టాలి.

సగంలో ఉన్న పనికైతే ఇంకో ఉపాయం ఉంది. ఆగేటప్పుడు శుభ్రంగా ఒక అధ్యాయం ముగించి ఆగకండి. సులువుగా ఉన్న చోట, తర్వాత ఏం రాయాలో తెలిసిన చోట, వాక్యం మధ్యలో ఆగండి. కోడ్ రాసేవాళ్లు ఫెయిలయ్యే టెస్టు ఒకటి వదిలి, తర్వాత రాయాల్సింది ఏమిటో కర్సర్ దగ్గరే ఒక వరస కామెంటుగా పెట్టి వెళ్లొచ్చు. దీనికి పాత ఆధారం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ శిష్యురాలు మారియా ఓవ్సియాంకినా 1928లో ప్రచురించిన ప్రయోగాల్లో, మధ్యలో ఆపించిన పనిని మనుషులు ఎవరూ చెప్పకుండానే మళ్లీ అందుకున్నారు. అదే బృందంలోని బ్లూమా జైగార్నిక్ 1927లో చెప్పిన "సగంలో ఆగిన పని ఎక్కువ గుర్తుంటుంది" అన్న మాటకే పేరు ఎక్కువొచ్చింది గానీ, తర్వాతి ప్రయోగాల్లో అది నిలకడగా నిలబడలేదు. మళ్లీ అందుకోవాలన్న గుంజుడు మాత్రం నమ్మదగినదే.

జాగ్రత్త ఒకటి. కష్టమైన చోట, ఏం చేయాలో తోచక ఆగిపోతే ఇది తిరగబడుతుంది. రేపు వచ్చి కూర్చోవాల్సింది ఆ ముడి దగ్గరే అని మనసుకు తెలుసు, అది రానంటుంది. ముడిపడిన చోట ఆగాల్సి వస్తే, అక్కడ ఏ ప్రశ్న మిగిలిందో ఒక వాక్యంలో రాసి, దాని పక్కన సులువైన చిన్న పని ఇంకోటి వదిలి లేవండి.

ఎప్పుడు, ఎక్కడ

"సాయంత్రం ఏడుకి కూర్చుంటాను" అన్న మాట బెంగళూరులో అబద్ధంతో సమానం. సిల్క్ బోర్డు దగ్గరో కేఆర్ పురం వంతెన దగ్గరో వాన పడితే ఏడు తొమ్మిదవుతుంది. గడియారానికి కట్టిన పని ఒకసారి తప్పితే ఆ రోజుకు పోయినట్టే అనిపిస్తుంది. సంఘటనకు కట్టిన పని అలా పోదు. "ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే, బ్యాగు దించకముందే, టేబుల్ మీదున్న ఫారంలో మొదటి పేజీ నింపుతాను." చెప్పులు ఏడుకి విప్పినా తొమ్మిదికి విప్పినా విప్పడం ఖాయం.

ఇలా "ఫలానాది జరగ్గానే ఫలానాచోట ఫలానాది చేస్తాను" అని ముందే కట్టుకునే పద్ధతిని పీటర్ గోల్‌విట్జర్ 1990లలో పరిశోధించి ప్రచారంలోకి తెచ్చాడు. 2006లో ఆయన, పాస్కల్ షీరన్ కలిసి 94 పరీక్షల ఫలితాలు కూడితే, ఉత్త సంకల్పం కంటే ఇది చెప్పుకోదగ్గంత మెరుగని తేలింది. ఇంత చవకైన చిట్కాకు ఇంత గట్టి ఆధారం ఉండడం అరుదు.

తప్పేది కొక్కెం, అంటే పనిని తగిలించే సంఘటన, ఎంపికలో. "టిఫిన్ అయ్యాక" పనికిరాదు, ఎందుకంటే టిఫిన్ ఎప్పుడు అయిందో చెప్పలేం, చేతిలో ఫోనుంటే అది పదింటిదాకా అవుతూనే ఉంటుంది. "ప్లేటు కడిగి బోర్లించగానే" పనికొస్తుంది. పీజీలో (పేయింగ్ గెస్ట్ హాస్టల్లో) ఉండేవాళ్లు "స్నానం కాగానే" అని పెట్టుకోకూడదు, ఎనిమిదింటికి బాత్రూం ముందు లైను మీ చేతిలో ఉండదు. ఒకే కొక్కేనికి రెండు పనులు తగిలించకూడదు. ఒక వారంలో కొత్తది ఒకటి చాలు. మూడు రోజులు వరసగా తప్పిందంటే మిమ్మల్ని తిట్టుకోవడం మాని కొక్కెం మార్చండి.

చోటు సంగతి పీజీలో ఉండేవాళ్లకే బాగా తెలుసు. త్రీ షేరింగు గదిలో టేబుల్ ఉండదు. నిద్ర, తిండి, సినిమా, ఇంటికి ఫోను, అన్నీ ఆ మంచం మీదే. అదే మంచం మీద చదువు మొదలవ్వాలంటే మొదలవ్వదు. మంచం చూడగానే ఒళ్లు వాలడానికి అలవాటు పడిపోయింది. గదిలో వేరే చోటు లేకపోతే కనీసం దిక్కు మార్చండి: గోడకు ముఖం పెట్టి, నేల మీద చాప వేసి, ఆ చాప మీద ఆ ఒక్క పనే. సెలవు రోజున బయటికి వెళ్లగలిగితే కబ్బన్ పార్కులో ఎర్ర రంగు శేషాద్రి అయ్యర్ మెమోరియల్ హాల్లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. మెట్రో దిగి నడిచి వెళ్లొచ్చు. పోటీ పరీక్షల వాళ్లు ఎక్కువుండే విజయనగర్ వైపు నెలకింత అని డబ్బు తీసుకునే రీడింగ్ రూములున్నాయి. డబ్బు కట్టాం కదా అన్న బాధ కూడా రెండు వారాల దాకా మనిషిని అక్కడికి నడిపిస్తుంది. ఆఫీసుకు అరగంట ముందు వెళ్లడం అన్నిటికంటే చవక.

ముహూర్తాల సంగతికొస్తే, సోమవారం నుంచి, ఒకటో తారీఖు నుంచి, ఆషాఢం వెళ్లాక అనుకోవడం మన ఒక్కరి జబ్బే కాదు. హెంగ్‌చెన్ డాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో చూపించిన ప్రకారం వారం మొదట్లో, నెల మొదట్లో, సంవత్సరం మొదట్లో జిమ్ముకు వెళ్లేవాళ్లు నిజంగానే పెరుగుతారు. కాబట్టి కొత్త తేదీ ఊపునిస్తుంది. దాన్ని వాడుకోండి, గానీ దాని కోసం ఆగాల్సి వస్తే ఆ ముందు రోజుల్లో నానబెట్టే పని పూర్తిచేయండి. ఉగాది రోజున సామాను వెతుక్కునేవాడికి ఉగాది ఊపు వెతుకులాటలోనే అయిపోతుంది.

టైమర్ గురించి క్లుప్తంగా. ఫ్రాన్సిస్కో సిరిల్లో 1980ల చివర్లో టొమాటో ఆకారపు వంటింటి టైమర్‌తో మొదలుపెట్టిన పద్ధతిలో 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం. నడుస్తున్న పనికి అది బాగుంటుంది. మొదలవ్వని పనికి 25 ఎక్కువ. అయిదు పెట్టండి. అయిదయ్యాక ఆగే హక్కు నిజంగా ఉండాలి. ప్రతిసారీ "అయిదే" అని చెప్పి గంట కూర్చోబెడితే నాలుగో రోజు మనసు ఆ అయిదును నమ్మదు. అందుకే అప్పుడప్పుడు, పని బాగా సాగుతున్నా సరే, మోగగానే లేవాలి. ఫోనులో టైమర్ వద్దు. ఆపడానికి ఫోను చేతిలోకి తీసుకున్న మరుక్షణం ఏమవుతుందో అందరికీ తెలుసు.

పక్కన ఇంకో మనిషి కూర్చోవడం కూడా పనిచేస్తుంది. దీని మీద పరిశోధనలు తక్కువే, ఏడీహెచ్‌డీ (శ్రద్ధ నిలవని సమస్య) ఉన్నవాళ్లు వాడి వాడి చెప్పిన అనుభవమే ఎక్కువ. నియమాలు సింపుల్. వీడియో కాల్ పెట్టి, ఇద్దరూ చెరో వాక్యంలో ఏం చేస్తారో చెప్పి, మ్యూట్ చేసి, యాభై నిమిషాల తర్వాత ఏమైందో చెరో వాక్యంలో చెప్పుకోవాలి. మధ్యలో మాటల్లేవు. తీర్పు చెప్పే మనిషిని ఎంచుకోకూడదు. టీమ్ లీడ్ వద్దు, బావగారు అసలే వద్దు. బట్టలు మడతపెట్టడం, గిన్నెలు తోమడం లాంటివాటికి అమ్మకు ఫోను చేసి స్పీకర్లో పెడితే సరిపోతుంది. రాతపనికి అది కుదరదు.

బరువున్న పనులు

మూడు వారాలుగా జవాబు ఇవ్వని మెయిలు. తీర్చాల్సిన చేబదులు. తీసుకుని బ్యాగులో దాచేసిన రక్తపరీక్ష రిపోర్టు. ఇక్కడ అడుగులన్నీ తెలుసు, అయినా ముట్టుకోలేం. ఆలస్యమైన ప్రతి రోజూ క్షమాపణ పొడవు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది, ఆ పొడుగాటి క్షమాపణ రాయలేక ఇంకో రోజు గడుస్తుంది.

ఇక్కడ చేయాల్సింది క్షమాపణను ఒక్క వాక్యానికి కత్తిరించడం. కారణాలు రాయకూడదు. రాసిన కొద్దీ అవతలివాళ్లకు అనుమానం, మనకు సిగ్గు. "బాబాయ్, నేను. నెల దాటినా ఫోను చేయలేదు, తప్పు నాదే. పదిహేను వేలు ఈ ఒకటో తారీఖుకి వేస్తాను, మిగతాది వచ్చే నెల." ఇంతే. దీన్ని కాగితం మీద రాసుకుని, కాగితం చూస్తూ చదవండి. అవతలి నుంచి చాలాసార్లు వచ్చే జవాబు "అది సరే గానీ, భోంచేశావురా?" అన్నదే. ఒకవేళ తిట్లే వచ్చినా, తిట్టడం మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఆఫీసు మెయిలుకూ ఇదే కొలత: ఒక వాక్యం క్షమాపణ, ఒక వాక్యం ఇప్పుడు ఏ దశలో ఉంది, ఒక వాక్యం ఏ తేదీకి వస్తుంది. రిపోర్టును ఒంటరిగా తెరవలేకపోతే ఇంకొకరి చేతికిచ్చి చదివించుకోండి. చదవడం మొదటి కదలిక కావాలని ఎక్కడా లేదు. కవరు ఇవ్వడం మొదటి కదలిక కావచ్చు.

తనని తాను తిట్టుకుంటే పౌరుషం వస్తుందని మన పెంపకంలో గట్టి నమ్మకం. కెనడాలో మైఖేల్ వోల్, పిచిల్, షానన్ బెనెట్ 2010లో 119 మంది మొదటి సంవత్సరం విద్యార్థులను గమనించారు. మొదటి పరీక్షకు చదువు వాయిదా వేసినందుకు తమని తాము క్షమించుకున్నవాళ్లే రెండో పరీక్షకు తక్కువ వాయిదా వేశారు. తిట్టుకునేవాళ్లకు ఆ పని గుర్తొచ్చినప్పుడల్లా తిట్లూ గుర్తొస్తాయి, ఇక తప్పించుకోవాల్సింది రెట్టింపవుతుంది.

ఒళ్లు లేవనప్పుడు

రాత్రి ఒంటిగంట దాకా అమెరికా కాల్స్ ఉండి, పొద్దున్నే ఏడుకి లేచి "నాకు ఏకాగ్రత లేదు" అనుకునేవాళ్లకు ముందు నిద్ర కావాలి. పైన చెప్పినవేవీ అయిదు గంటల నిద్ర మీద నిలబడవు. రక్తహీనత, థైరాయిడ్, బీ12 లోపం కూడా ఇలాగే లాగేస్తాయి. మామూలు రక్తపరీక్షలతో తేలిపోయేవే కాబట్టి డాక్టరుని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

కష్టమైన పనులే కాకుండా స్నానం, తిండి, ఇష్టమైన వాళ్లకు ఫోను కూడా మొదలవ్వకపోతే, అది రెండు వారాలు దాటితే, డిప్రెషన్ ఏమో చూపించుకోవాలి. చిన్నప్పటి నుంచీ, పన్నెండేళ్ల లోపు నుంచే, ఇంట్లోనూ బళ్లోనూ ఇదే తంతు అయితే ఏడీహెచ్‌డీ గురించి అడగాలి. పెద్దయ్యాక కూడా నిర్ధారణ చేస్తారు, చికిత్స ఉంది. బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న నిమ్హాన్స్ మానసిక వైద్యశాల సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అక్కడిదాకా వెళ్లడమే మొదలవ్వట్లేదంటే 14416కి ఫోను చేయండి. అది 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సాయం లైను, టెలీ మానస్. ఉచితం, రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

డిప్రెషన్ చికిత్సలోనే ఒక పద్ధతి ఉంది. మనసు బాగయ్యాక పని కాకుండా, చిన్న పని ముందు చేయించి మనసును దాని వెనక రానివ్వడం. అది 1970లలో మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ లెవిన్‌సన్ చేసిన పని నుంచి పెరిగింది. అందులో రోజుకు ఒకటి రెండు కదలికలే రాస్తారు, ఎప్పుడు చేయాలో ముందే వేస్తారు, చేశాక మనసు ఎలా ఉందో అంకె వేయిస్తారు. దాన్ని ఒంటరిగా కాక మనిషి సాయంతో చేయడం మంచిది.

కొట్టేయాల్సినవి

మిగిలింది నిర్ణయం కాని పనులు. బెంగళూరు తెలుగువాళ్లలో దీనికి తిరుగులేని ఉదాహరణ ఏపీ నంబరో టీజీ నంబరో ఉన్న బండి. చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దానికి మన ఊరి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడ లైఫ్ టైమ్ ట్యాక్సు, అక్కడ కట్టిన దాంట్లో మిగతాది వెనక్కి రాబట్టుకోవడానికి ఇంకో దరఖాస్తు. అడుగులన్నీ తెలిసినా ఏళ్ల తరబడి కదలదు. ఎందుకంటే లోపల ఆగింది బండి గురించి కాదు, "ఇక్కడే ఉండిపోతామా, హైదరాబాద్ వెళ్లిపోతామా" అన్నదాని గురించి. అలాంటప్పుడు జాబితాలో బండి మాట కొట్టేసి, ఇంట్లో వాళ్లతో ఆదివారం కూర్చుని మాట్లాడే పని రాయాలి. మూడు నెలల్లో వెళ్లిపోతున్నామని తేలితే బండి పని దానంతటది మాయమవుతుంది. ఉంటున్నామని తేలితే మొదటి కదలిక ఎన్‌ఓసీ దరఖాస్తు.

నేర్చుకుందామని కొని తెరవని కోర్సులు, అత్తయ్యగారు చెప్పారని రాసుకున్న కుట్టుపని, ఎప్పటికీ చదవని పుస్తకాలు కూడా ఈ కోవలోవే. ఆరు నెలలుగా కదలని ప్రతిదాని పక్కనా "ఇప్పుడు కొత్తగా ఎవరైనా అడిగితే ఒప్పుకుంటానా?" అని రాసి జవాబు వేయండి. కాదన్నవి కొట్టేయండి. ఎవరికైనా మాటిచ్చి ఉంటే కుదరదని చెప్పే ఒక్క వాక్యం ఫోను ఇప్పుడే చేయండి.

అయిన పనుల పక్కన మాత్రం నిజంగా ఎంతసేపు పట్టిందో రాసిపెట్టుకోండి. 1994లో రోజర్ బ్యూలర్, డేల్ గ్రిఫిన్, మైఖేల్ రాస్ విద్యార్థులను థీసిస్ ఎన్ని రోజుల్లో ముగిస్తారని అడిగితే సగటున 33.9 అన్నారు, పట్టింది 55.5. అన్నీ అడ్డం తిరిగితే ఎంత అని అడిగినప్పుడు చెప్పిన అంకె కూడా 48.6 దగ్గరే ఆగింది. పెద్ద పనులకు మన అంచనా ఇలా తక్కువపడుతుంది. నెలలుగా భయపెట్టిన చిన్న పనులకు తిరగబడుతుంది: గంటలు పడుతుందనుకున్న గ్యాస్ కనెక్షన్ అడ్రసు మార్పు ఇరవై నిమిషాల్లో అయిపోయిందని మీ చేతిరాతలోనే కనబడుతుంది. వచ్చే ఏడాది జూన్‌లో ఏఐఎస్ దించేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకోండి.